మిరపకాయల రోజుల్లో నేను చెప్పిన పాఠం

అమ్మాయిలు నా వెనకాల నన్ను సబ్బు మేడమ్ అనేవాళ్ళు. నాకు తెలియదనుకునేవాళ్ళు. తెలిసే ఊరుకున్నాను, ఎందుకంటే లోపల ఎక్కడో ఆ పేరు నాకు నచ్చింది. పదో తరగతి తప్పినవాళ్ళు, పాసై ఇంట్లో కూర్చున్నవాళ్ళు, మొత్తం పదిమంది ఆడపిల్లలు. వాళ్ళకి పద్ధతిగా చేతులు కడుక్కోవడం నేర్పానంటే అదేమీ చిన్న సంగతి కాదని నా గర్వం.

పర్చూరు వైపు ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. రెండువేల మూడో, నాలుగో, సరిగ్గా గుర్తులేదు. ఒకరోజు పెద్ద డాక్టరుగారు పిలిచి, ముసలివాళ్ళని చూసుకునే పని నేర్పే ఆరునెలల కోర్సు పెడుతున్నాం, పాఠాలు నువ్వే చెప్పాలి అన్నారు. హైదరాబాదులో మంచానపడ్డ పెద్దవాళ్ళ దగ్గర ఉండటానికి పని తెలిసిన మనుషులు దొరకడం లేదట. మన పిల్లలు నేర్చుకుని సర్టిఫికెట్ పట్టుకుని వెళితే ఉద్యోగాలు ఎదురుచూస్తుంటాయట. అప్పటిదాకా నేను ఎవరికీ ఏమీ నేర్పినదాన్ని కాదు. మా ఆయనకి తిన్న కంచం తీయడం నేర్పాను, అది కూడా సగమే వచ్చింది.

ఎక్కడినుంచో ఒక ఇంగ్లీషు పుస్తకం జిరాక్స్ తెప్పించి నా చేతిలో పెట్టారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక డ్యూటీ రూములో కూర్చుని అందులోవి తెలుగులో రాసుకునేదాన్ని. మొదటి పాఠం చేతులు. మోచేతుల దాకా సబ్బు, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మూడుసార్లు. ఈ ఒక్క విషయంలో నేను రాక్షసిని. మిరపకాయల రోజులు వచ్చాయంటే మా వైపు ఆడవాళ్ళు చేతుల మంటకి ఆముదం పట్టించుకుంటారు, మజ్జిగలో ముంచుకుంటారు. మా పిల్లల్లో సగంమంది పొద్దుటిపూట తల్లులతో కలిసి మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్ళి, ఇంటికొచ్చి అన్నం తిని, డ్యూటీకి వచ్చేవాళ్ళు. మాది స్టైపెండు లేని కోర్సు, ఆ పనికి వెళ్ళొద్దని చెప్పే మొహం నాకు లేదు. పైగా వాళ్ళ కోసమే ప్రాక్టికల్స్ మధ్యాహ్నానికి మార్చింది నేనే. కానీ జిడ్డు చేతులతో వస్తే మాత్రం గుమ్మం దగ్గరే నిలబెట్టేసేదాన్ని.

"పొలం అలవాట్లు పొలంలో పెట్టి రండి. ఇక్కడ సబ్బు, నీళ్ళు, అంతే. నూనె చేత్తో పేషెంటుని ముట్టుకున్నారో, నేను మనిషిని కాను."

పాపం, వారం తిరక్కుండా అందరూ ఆముదం మానేశారు.

ఆ పుస్తకంలో నా మనసుకి పట్టిన సంగతి ఒకటుంది. ముసలివాళ్ళని పనిబడితే తప్ప ఎవరూ ముట్టుకోరట. నిజమే కదా అనిపించింది. పసిపిల్లల బుగ్గలు ఊరంతా పుణుకుతారు, డెబ్భై ఏళ్ళ మనిషి ముఖం ఎవరు నిమురుతారు? అందుకని ఆ పాఠం ఊగిపోతూ చెప్పాను. ముఖం గుడ్డతో గబగబా తుడిచి పారేయకండి, చేత్తో కడగండి, నుదురు నిమరండి, కన్నీళ్ళొస్తే వేళ్ళతో తుడవండి. పమిట కొంగుతో తుడవడానికి మాత్రం వీల్లేదు, దాన్నిండా బస్సు దుమ్ము ఉంటుంది. అమ్మాయిలు తలలు వంచుకుని రాసుకున్నారు.

మాఘమాసం చివర్లో ఒక ముసలామెను తీసుకొచ్చారు. ఇంకొల్లు వైపు పల్లె, సొంత సేద్యం. పక్షవాతంతో కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది, మింగుడు పడదు. ముక్కులోంచి గొట్టం వేసి పాలూ గంజీ పోసేవాళ్ళం. రెండోరోజే ఆమె బాగున్న ఎడమచేత్తో ఆ గొట్టం పీకి పారేసింది. అప్పుడు ఆ చేతిని గాజుగుడ్డతో మంచం ఊచకి కట్టించాను. అప్పట్లో అందరం చేసే పనే. వదులుగా కట్టండి, మణికట్టు దగ్గర దూది పెట్టండి అని అది కూడా ఒక పాఠంలాగే చెప్పాను.

ఆమెకి ఎడమకన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే పోయిందని కూతురు చెప్పింది. తల్లికి తోడుగా ఆసుపత్రిలో ఉన్నది ఆ కూతురే, నలభై దాటిన మనిషి. మిగిలిన కుడికన్ను మాత్రం భలే చురుకు. గుమ్మంలోకి ఎవరొచ్చినా తల తిప్పకుండానే పట్టేసేది. ఆ కంటితోనే ఆమెకి మాట తెప్పించాను. అవునంటే ఒకసారి రెప్ప వెయ్యి, కాదంటే రెండుసార్లు. ఒక్క పూటలో నేర్చుకుంది. దాహమా? రెండుసార్లు. పక్క తడిసిందా? ఒకసారి. ఆ కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పదిరోజులుగా అమ్మ ఏం అడుగుతోందో తెలియక గోడకి తలకొట్టుకుంటున్నానండీ అంది. ఆ కన్ను ఒక్కటీ బాగుంటే చాలు, అమ్మ నాతో మాట్లాడుతూనే ఉంటది అంది.

ఆమెని చూసుకోవడానికి నేను పెట్టిన అమ్మాయి మా బ్యాచిలో మేలైన పిల్ల. మార్టూరు దగ్గర ఊరు, వాళ్ళ నాన్న గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేవాడు. మిగతావాళ్ళు నా భయంతో చేసే పని ఈ పిల్ల ఇష్టంతో చేసేది. మొదటిరోజు గొట్టంలో గంజి పోస్తూ, "ఉప్పు సరిపోయిందా మామ్మా?" అని అడిగింది. గొట్టంలో పోసే గంజికి రుచేమిటి? ముసలామె ఆ పిల్లని అలా చూసి చూసి రెండుసార్లు రెప్ప వేసింది. వార్డంతా నవ్వు. ఆమె మూతి కూడా ఒక పక్కకి లాగింది, అది నవ్వేనని మేమందరం ఒప్పుకున్నాం.

ఫాల్గుణం వచ్చేసరికి ఊళ్ళన్నీ ఎర్రబడ్డాయి. రోడ్ల పక్కన మిరప కళ్ళాలు, బస్సులో తుమ్ములు. ఆ అమ్మాయి పొద్దున్నే తల్లితో తొడిమలు తీయడానికి వెళ్ళి, రెండింటికల్లా మా గుమ్మంలో ఉండేది. నేను చెప్పిన ప్రకారం మోచేతుల దాకా కడిగి, గాలికి ఆరబెట్టి, నాకు చూపించి మరీ లోపలికి వెళ్ళేది.

ఒక మధ్యాహ్నం ముసలామె కన్ను నీళ్ళు కారుతోందని కూతురు చెప్పింది. చూశాను. కొద్దిగా ఎర్రగా ఉంది, ధారగా కారుతోంది. ముసలివాళ్ళకి దిగులు ఎలా బయటపడుతుందో పుస్తకంలో ఒక పేజీ నిండా ఉంది. ఇంకేం, దొరికింది పాఠం. మిగతా తొమ్మిదిమందినీ పిలిచి మంచం చుట్టూ నిలబెట్టాను. ఆ అమ్మాయిని తలవైపు కూర్చోబెట్టి, ఎలా ఓదారుస్తావో వీళ్ళకి చూపించు అన్నాను.

ఆ పిల్ల రెండు చేతుల్లోకి ఆ ముఖాన్ని తీసుకుంది. నుదురు నిమిరింది. బొటనవేళ్ళతో కంటి కింద తడి తుడిచింది.

"బాధగా ఉందా మామ్మా?"

ఒకసారి రెప్ప పడింది.

"ఇంటిమీద బెంగా?"

రెండుసార్లు. ఆ తర్వాత మరి రెండుసార్లు. ఆ తర్వాత రెప్ప కొట్టుకోవడం ఇక ఆగలేదు. నీళ్ళు కారుతున్న కన్ను ఎన్నిసార్లు కొట్టుకుందో ఎవరు లెక్కపెడతారు? కట్టిన చెయ్యి మంచం ఊచకేసి టకటకమని కొట్టుకుంది. గొట్టం కోసం కాబోలు అనుకున్నాను. నేనే వెళ్ళి ముడి బిగించాను. ఆ అమ్మాయిని ఇంకాస్త సేపు అలాగే పట్టుకోమన్నాను. "చూశారా, ముట్టుకోవడం అంటే ఇదీ" అని మిగతావాళ్ళతో అన్నాను. ఇద్దరు ముగ్గురు కళ్ళు ఒత్తుకున్నారు.  

మర్నాటికి కన్ను నిప్పుకణికలా అయింది. డాక్టరుగారు కళ్ళకలక అన్నారు, చుక్కలు రాశారు. రోజుకి నాలుగుసార్లు. అందులో మూడుసార్లు వేసింది ఆ అమ్మాయే. కింది రెప్ప వేలితో లాగి, చుక్క వేసి, మందు బయటికి పోకుండా రెప్ప మీద వేలితో మెల్లగా అదమాలి. అదీ నేను నేర్పిందే. ఆదివారం ప్రాక్టికల్స్ లేవు, ఆ పిల్ల రాలేదు. కూతురే చుక్కలు వేసి తడిగుడ్డతో తుడిచింది. సాయంత్రానికి ఎరుపు కాస్త తగ్గింది. మందు పనిచేస్తోందని సంతోషించాను. సోమవారం మళ్ళీ రెట్టింపు. ఈ మందు పడటం లేదండీ, మార్చండి అని డాక్టరుగారితో అన్నది కూడా నేనే. మార్చారు. ఆ కొత్త మందు రోజుకి ఆరుసార్లు.

అప్పటికే పక్క వార్డులో ఆయాసంతో ఉన్న ఒక తాతగారు గొడవపెట్టి ఉన్నాడు. "ఏం పిల్లలమ్మా వీళ్ళు, ముట్టుకుంటే మంటెత్తుతుంది! ఆ గుడ్డ ఇట్టా పడెయ్, నేనే తుడుచుకుంటా" అని ఒక అమ్మాయి చెయ్యి విదిలించి కొట్టాడు. ముసలాయనకి చాదస్తం ముదిరిందని మేమందరం నవ్వుకున్నాం. ఆయనకి నోరుంది, చెయ్యుంది, కాబట్టి బతికిపోయాడు.

తర్వాతి గురువారం అనుకుంటాను. ఆ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని దూది ఉండలు చుడుతోంది. ఫ్యాను గాలికి నా కంట్లో ఏదో నలక పడింది. ఆ పిల్ల చుట్టిన ఉండ ఒకటి తీసుకుని కంటి మూల ఒత్తుకున్నాను. ప్రాణం పోయిందనుకున్నాను. కన్ను మూసుకుని, తడుముకుంటూ వెళ్ళి, పంపు కింద తల పెట్టాను. ఎన్ని నీళ్ళు కొట్టినా తగ్గదు. ఆ మంట నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు.

తిరిగొచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, చూపుడువేలు నా నాలికకి ఆనించుకున్నాను. అమ్మాయిలు కిసకిసలాడారు, మేడమ్‌కి పిచ్చెక్కిందనుకున్నారు. నాలిక భగ్గుమంది.

"చేతులు కడుక్కున్నావా?"

"కడిగాను మేడమ్. మీరు చెప్పినట్టే, మోచేతుల దాకా, మూడుసార్లు."

"ఆముదం రాయలేదా?"

"మీరే వద్దన్నారు కదా మేడమ్."

నేను మిరప చేలల్లో పుట్టినదాన్ని. కోతల రోజుల్లో మా అమ్మ మా ముఖాలు ముట్టుకునేది కాదు. ముద్దలు కలిపి పెట్టేది కాదు, అన్నం గరిటెతో వడ్డించి పక్కకి తప్పుకునేది. నేను పరిగెత్తుకొచ్చి మీద పడితే రెండు చేతులూ పైకెత్తి మోచేతులతో దగ్గరికి తీసుకునేది. మాకు స్నానాలు పోయడం, కాటుక పెట్టడం ఆ నెలల్లో మా నాయనమ్మ పని. సబ్బుకీ నీళ్ళకీ మిరప ఘాటు లొంగదనీ, నూనె పట్టించి మజ్జిగతో కడిగినా ఒక రాత్రి గడవాలనీ, అప్పటికీ పసిపిల్లల జోలికి పోకూడదనీ మా వైపు పొయ్యి దగ్గర కూర్చునే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ఆ పిల్లకీ తెలుసు. ఇంట్లో తమ్ముణ్ణి ముట్టుకునేది కాదట. కానీ ఆసుపత్రిలో కడిగిన చెయ్యి శుభ్రమైన చెయ్యి అని నేను చెప్పాను. పుస్తకంలో ఉంది కాబట్టి చెప్పాను. నా మాట మీద నమ్మకంతో ఆ పిల్ల తనకి తెలిసిన సంగతిని గుమ్మం బయట వదిలేసి వచ్చింది.

ఇదంతా ఇప్పుడు ఇంత పద్ధతిగా చెబుతున్నాను గానీ ఆ క్షణంలో నేను చేసింది వేరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మిరపకాయ చేతులతో కన్ను ముట్టుకోకూడదని తెలియదా? బుద్ధుందా నీకు?" అని అందరి ముందూ అరిచాను. ఆ పిల్ల తన చేతుల వంక చూసుకుంది. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. మరుసటి రోజు రాలేదు. తప్పు నీది కాదు, రమ్మని కబురు పెట్టాను, వేరే అమ్మాయితో ఉత్తరం పంపాను. నేనే బస్సెక్కి వెళ్ళి ఉండాల్సింది. రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకుంటూ వెళ్ళలేదు. వెళితే ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళలేదు, అదీ నిజం.

ముసలామెని ఆ గురువారం సాయంత్రమే కారులో గుంటూరు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన లైటు వేసి చాలాసేపు చూశాడు. నల్లగుడ్డు మీద పుండు పడింది, చీము పట్టింది, లోతుగా ఉంది అన్నాడు. మానినా పువ్వు వేస్తుంది, చూపు మీద ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. మిరప చేతుల సంగతి చెప్పాను. మంట, నలపడం, మురికి, మంచాన ఉన్న మనిషి, కారణాలు చాలా ఉండొచ్చన్నాడు. మంచి మనిషి, నా ముఖం చూసి అలా అని ఉంటాడు. వారం ముందు తెచ్చి ఉంటేనో అని అడిగాను. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మా పెద్ద డాక్టరుగారు ఈ మాట ఇక్కడితో వదిలెయ్యమన్నారు. రెండు రోజులు వదిలేశాను. మూడోరోజు మెట్ల కింద కూతుర్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె నేలకేసి చూస్తూ అంది.

"మాది పదెకరాల మిరప తోటండీ. మా అమ్మ మిరప రోజుల్లో మమ్మల్ని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ఆ మంటేంటో మా అమ్మకి మొదటిరోజే తెలిసి ఉంటదండీ."

 దిగులనుకున్నాం, బెంగనుకున్నాం, కళ్ళకలక అనుకున్నాం. ఆ గదిలో సంగతి సరిగ్గా తెలిసిన మనిషి ఒక్కరే. ఆమెకి మేం ఇచ్చిన మాటలు అవును, కాదు, ఈ రెండే. మిరపకాయా అని మాలో ఒక్కళ్ళం కూడా అడగలేదు.

మూడు వారాలకి పుండు మానింది, కంట్లో తెల్లగా పువ్వు వేసింది. రెప్ప ఆడేది. దాహమా అమ్మా అని అడిగితే వినపడేది కూడా, ఎందుకంటే గొంతు ఎటువైపు ఉందో అటు ముఖం తిప్పేది. కానీ జవాబు చెప్పడం మానేసింది. ఒకసారీ లేదు, రెండుసార్లూ లేదు. కూతురు చెవి దగ్గర బతిమాలింది, ఏడ్చింది, తల్లి రెప్ప మూసుకుని పడుకుంది. మళ్ళీ నేర్పుదామని నేను కూడా ప్రయత్నించాను. 

చేతికట్టు నేనే విప్పేశాను. గొట్టం పీకేస్తే పీకనీ, మళ్ళీ వేద్దాం అనుకున్నాను. ఆమె గొట్టం జోలికే పోలేదు. ఆ చెయ్యి ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎవరైనా మంచం దగ్గరికి వచ్చిన అలికిడైతే ఆ చెయ్యి గాలిలో తడుముకునేది, వచ్చిన చేతిని దొరకబుచ్చుకుని ముక్కు దగ్గరికి లాక్కునేది. వేళ్ళ కొసలు వాసన చూసేది. కూతురి చెయ్యయితే వాసన చూసి వదిలేసి, తన చెయ్యి పక్కకి తీసేది. అప్పుడు ముఖం తుడవనిచ్చేది.

ఇంటికి తీసుకెళ్ళే రోజు పొద్దున గోరువెచ్చటి నీళ్ళ గిన్నె పట్టుకుని నేను వెళ్ళాను. అమ్మాయిలు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "నేనమ్మా, మేడమ్‌ని. ముఖం కడుగుతాను" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ముక్కు దగ్గరికి తీసుకుని అరచెయ్యి వాసన చూసింది, తర్వాత ఒక్కొక్క వేలూ చూసింది, మళ్ళీ మొదటి వేలి నుంచి చూసింది. నేను మిరపకాయ ముట్టుకుని ఎన్నో రోజులైంది. కదలకుండా నిలబడ్డాను. ఆమె విసరలేదు, విదిలించలేదు. నా చేతిని మెల్లగా మంచం అంచు దాకా తీసుకెళ్ళి అక్కడ వదిలేసింది. తన చెయ్యి తెచ్చి మళ్ళీ ముఖం మీద కప్పుకుంది.

నీళ్ళ గిన్నె కూతురి చేతికిచ్చి నేను వెనక్కి జరిగాను.